షట్టర్‌కి ఏ తాళం, లోపల ఏ అలారం? చిన్న షాపు సెక్యూరిటీ సెటప్ ఎంచుకునే ముందు ఇవి చూడండి

మీకు మొబైల్ షాపు ఉందా? లేదా నాన్నగారి కిరాణా కొట్టుకో, అన్నయ్య రిపేర్ సెంటర్‌కో గ్యాడ్జెట్లు సెలెక్ట్ చేసే డ్యూటీ మీ మీదే పడిందా? అయితే ఈ ఆర్టికల్ మీకోసమే. చాలామంది షాపు సెక్యూరిటీ అనగానే ముందు 4 కెమెరాల కిట్ ఆర్డర్ పెట్టేస్తారు. షట్టర్‌కి మాత్రం పదేళ్ల కిందట వేసిన పాత తాళమే ఉంటుంది. దొంగ లోపలికి వచ్చి అన్నీ సర్దుకుని వెళ్లిపోతాడు. మీ చేతిలో మిగిలేది హెచ్‌డీ క్వాలిటీ వీడియో మాత్రమే.

మొబైల్ షాపుకి రిస్క్ ఇంకా ఎక్కువ. చిన్న సంచిలో లక్షల సరుకు పట్టేస్తుంది. అందులో సగం డిస్ట్రిబ్యూటర్ దగ్గర అప్పు మీద తెచ్చిందే అయి ఉంటుంది. పైగా కౌంటర్ కింద డ్రాలో రిపేర్‌కి ఇచ్చిన కస్టమర్ల ఫోన్లు ఉంటాయి. అవి మీవి కావు. వాటిలో వాళ్ల ఫొటోలు, బ్యాంకు యాప్‌లు, పిల్లల వీడియోలు ఉంటాయి. కొత్త ఫోన్ పోతే డబ్బు కట్టి తెచ్చుకోవచ్చు. ఊళ్లో పోయిన నమ్మకం అలా తిరిగి రాదు. అందుకే ఏ తాళం, ఏ సెన్సర్, ఏ సెట్టింగ్ అనేది ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు లెక్క అర్థం చేసుకోండి

ఏ తాళమైనా దొంగని ఆపదు, కాసేపు ఆలస్యం చేస్తుందంతే. చేతిలో కట్టర్, తగినంత టైమ్ ఉంటే తెగని ఇనుము లేదు. ఏ అలారమైనా దొంగని పట్టుకోదు, ఎవరికో ఒకరికి చెబుతుంది. ఆ ఎవరో వచ్చేలోపు తాళం నిలబడాలి. సెక్యూరిటీ అంటే ఈ రెండిటి మధ్య పరుగుపందెం.

ఒక ఉదాహరణ చూద్దాం. మీ షట్టర్ తెరవడానికి దొంగకి 3 నిమిషాలు, సరుకు సర్దుకోవడానికి ఇంకో 4 నిమిషాలు పడుతుంది అనుకుందాం. పక్క వీధి నుంచి ఎవరైనా రావడానికి 5 నిమిషాలు. అలారం సెన్సర్ షాపు లోపల మాత్రమే ఉంటే, అది మోగేది షట్టర్ తెరిచాకే. అంటే దొంగ చేతిలో 4 నిమిషాలు ఉన్నాయి, సాయం రావడానికి 5 కావాలి. మీరు ఓడిపోయారు. అదే సెన్సర్ షట్టర్ మీదే ఉండి మొదటి దెబ్బకే మోగితే? దొంగకి ఇంకా 7 నిమిషాల పని మిగిలి ఉంటుంది, సాయం 5 నిమిషాల్లో వస్తుంది. ఇప్పుడు గెలిచింది మీరు. తాళం మారలేదు, అలారం ధర మారలేదు, మోగే టైమ్ మాత్రమే మారింది.

ఈ ఆర్టికల్‌లో ఒక్క పాయింటే గుర్తుంచుకోవాలనుకుంటే ఇదే: తాళం తెగాక మోగే అలారం కంటే, తాళం మీద చెయ్యి పడగానే మోగే అలారం మేలు.

షట్టర్ తాళాలు: ఎక్కడ బలం, ఎక్కడ బలహీనత

మన దగ్గర చిన్న షాపుల్లో దాదాపు అన్నిటికీ రోలింగ్ షట్టరే. దానికి రెండు చివర్లా తాళాలు వేసి ఇంటికి వెళ్లిపోతాం. సమస్య ఏంటంటే, షట్టర్ పల్చటి రేకు పట్టీలతో చేసింది. రెండు చివర్లూ గట్టిగా ఉన్నా మధ్యలో పట్టు ఉండదు. మధ్యలో రాడ్డో, జాకీయో పెట్టి పైకి ఎత్తితే మనిషి దూరేంత సందు వచ్చేస్తుంది. తాళాలు రెండూ చెక్కుచెదరకుండా అలాగే ఉంటాయి!

అందుకే మొదటి ఖర్చు సెంటర్ లాక్ మీద పెట్టండి. షట్టర్ కింది పట్టీని మధ్యలో నేలకి బిగించే తాళం ఇది. నేలలో కాంక్రీట్ పోసి, లోతుగా యాంకర్ బోల్టులతో బిగించిన బేస్ ఉండాలి. టైల్ మీద స్క్రూలు కొట్టి వెళ్లిపోయే ఫిట్టింగ్ అయితే దండగ. ఫిట్ చేసే ముందు షట్టర్ మేస్త్రీని ఈ ఒక్క ప్రశ్న అడగండి: "అన్నా, ఇది టైల్‌కి బిగిస్తున్నావా, కింద కాంక్రీట్‌కా?"

ఇక తాళం కప్పల విషయానికొస్తే, కొనేటప్పుడు చూడాల్సినవి ఇవి:

- షాకిల్ ఎంత బయటికి కనిపిస్తోంది? తాళం కప్ప పైన వంగి ఉండే కడ్డీనే షాకిల్ అంటారు. అది ఎంత పొడుగ్గా బయటికి ఉంటే కట్టర్ పెట్టడం అంత సులువు. గుండ్రంగా ఉండే డిస్క్ తాళాల్లో, భుజాలు పైకి లేచి ఉండే క్లోజ్డ్ షాకిల్ తాళాల్లో కడ్డీ చాలా కొంచెమే కనిపిస్తుంది.
- కడ్డీ దేనితో చేశారు? హార్డెన్డ్ స్టీల్ లేదా బోరాన్ స్టీల్ అని ఉండాలి. మెరిసే క్రోమ్ పూత చూసి మోసపోవద్దు. పూత తుప్పుని ఆపుతుంది, కట్టర్‌ని కాదు.
- లివర్ల సంఖ్య అర్థం తెలుసా? 6 లివర్లు, 7 లివర్లు, 8 లివర్లు అని బాక్స్ మీద పెద్ద అక్షరాలతో వేస్తారు. లివర్లు పెరిగితే దొంగ తాళంచెవితో, వైరు ముక్కతో తెరవడం కష్టమవుతుంది. తాళాన్ని కోసేవాడికి లివర్ల లెక్కతో పనే లేదు. రెండూ వేరు వేరు బలాలు.
- స్టాండర్డ్ ఏంటి? మన దేశంలో తాళం కప్పలకు బీఐఎస్ వాళ్ల ఐఎస్ 275 స్టాండర్డ్ ఉంది. యూరప్ బ్రాండ్ల మీద ఈఎన్ 12320 గ్రేడ్ కనిపిస్తుంది. అందులో 1 అంటే తక్కువ, 6 అంటే అత్యధికం. ఆన్‌లైన్‌లో రెండు తాళాల మధ్య తేల్చుకోలేకపోతే రివ్యూల స్టార్లు కాదు, ఈ గ్రేడ్ చూడండి.

మంచి తాళం కొని పాత గొళ్లేనికి వేస్తే మాత్రం డబ్బులు వేస్టే. గొళ్లెం బోల్టులు బయటికి కనిపిస్తుంటే దొంగకి కట్టర్ కూడా అక్కర్లేదు, స్పానర్ చాలు. వెల్డింగ్ చేయించండి, లేదా బోల్టు తల బయట నున్నగా, నట్టు లోపలివైపు ఉండేలా మార్పించండి.

బ్యాటరీతో నడిచే చిన్న గ్రైండర్లు ఇప్పుడు ఎవరికైనా దొరుకుతున్నాయి. గ్రైండర్ ముందు ఖరీదైన తాళం కూడా ఎక్కువసేపు ఆగదు. అయితే అది చేసే చప్పుడు, వెదజల్లే నిప్పురవ్వలు దొంగకి శత్రువులు. షట్టర్ ముందు రాత్రంతా లైటు వెలిగేలా ఉంచితే గ్రైండర్ తీయడానికే భయపడతాడు. ఎల్‌ఈడీ బల్బుకయ్యే కరెంటు ఖర్చు ఎంతో మీకు తెలిసిందే.

స్మార్ట్ తాళాలు: కూల్‌గా ఉన్నాయి, కానీ షట్టర్‌కి కాదు

మన రీడర్లు ముందు అడిగేది ఇదే అని తెలుసు. ఫింగర్‌ప్రింట్ తాళం కప్ప షట్టర్‌కి వేస్తే ఎలా ఉంటుంది?

2018లో ట్యాప్‌లాక్ అనే ఫింగర్‌ప్రింట్ తాళం కథ తెలుసుకుంటే జవాబు దొరుకుతుంది. బ్రిటన్‌కి చెందిన పెన్ టెస్ట్ పార్ట్‌నర్స్ అనే సెక్యూరిటీ సంస్థ దాన్ని పరీక్షించింది. తాళం తెరిచే రహస్య కోడ్‌ని ఆ తాళం బ్లూటూత్ అడ్రస్ నుంచే తయారు చేస్తున్నారని బయటపడింది. బ్లూటూత్ అడ్రస్ అంటే ఆ తాళం నలుగురికీ వినిపించేలా తనే ప్రకటించుకునే నంబర్! దాంతో ఫోన్‌లో 2 సెకన్లలోపే తాళం తెరుచుకుంది. అదే ఏడాది ఒక యూట్యూబర్ ఆ తాళం వెనక మూతని తిప్పి ఊడదీసి, స్క్రూడ్రైవర్‌తో తెరిచి చూపించాడు. కంపెనీ ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇచ్చింది. కానీ పాఠం మిగిలింది: స్మార్ట్ తాళం కూడా ముందు తాళమే. ఇనుము గట్టిగా లేకపోతే యాప్ ఎంత బాగున్నా ఉపయోగం లేదు.

పైగా షట్టర్ తాళం ఎండకి కాలుతుంది, వానకి తడుస్తుంది, దుమ్ము తింటుంది. అక్కడ సాదా మెకానికల్ తాళమే రాజు. షట్టర్ లోపల గ్లాస్ డోర్ ఉంటే దానికి మాత్రం స్మార్ట్ లాక్ బాగా పనికొస్తుంది. దాని అసలు లాభం తాళాలు డూప్లికేట్ అవ్వకపోవడం. పని మానేసిన కుర్రాడి ఫింగర్‌ప్రింట్ ఒక్క నిమిషంలో తీసేయొచ్చు. ఎవరు ఎప్పుడు తెరిచారో లాగ్ ఉంటుంది. కొనేటప్పుడు బ్యాటరీ అయిపోతే బయట నుంచి పవర్ ఇచ్చే పోర్ట్, విడిగా మెకానికల్ తాళంచెవి ఉన్నాయో లేదో చూడండి.

అలారం: ఏ సెన్సర్ ఎక్కడ?

అలారం కిట్‌లో హబ్, సెన్సర్లు, సైరన్, రిమోట్ ఉంటాయి. కిట్‌లో ఎన్ని పీసులు ఇచ్చారన్నది కాదు, ఏది ఎక్కడ పెడతామన్నదే ముఖ్యం.

వైబ్రేషన్ సెన్సర్: షట్టర్ లోపలివైపు పెట్టాల్సిన మొదటి సెన్సర్ ఇదే. రాడ్డు పెట్టినా, గ్రైండర్ తగిలించినా షట్టర్ అదురుతుంది, వెంటనే మోగుతుంది. కాకపోతే గాలికి, లారీ వెళ్లినా, కుక్క పడుకోవడానికి ఆనుకున్నా షట్టర్ కదులుతుంది కదా! అందుకే సెన్సిటివిటీ అడ్జస్ట్‌మెంట్, కొన్ని సెకన్లలో ఇన్ని దెబ్బలు పడితేనే మోగాలి అనే కౌంట్ సెట్టింగ్ ఉన్న మోడలే తీసుకోండి. మొదటి వారం షట్టర్ మీద చేత్తో కొట్టి, ఊపి చూసి సెట్ చేసుకోండి.

షట్టర్ మాగ్నెటిక్ సెన్సర్: కిట్‌తో వచ్చే చిన్న డోర్ సెన్సర్ ఇంటి తలుపు కోసం చేసింది. మాగ్నెట్‌కి, సెన్సర్‌కి మధ్య కొంచెం ఎడం వచ్చినా తలుపు తెరుచుకుందనుకుంటుంది. షట్టర్ ఎప్పుడూ అటూఇటూ ఆడుతూనే ఉంటుంది కాబట్టి దొంగ అలారాలు తప్పవు. షట్టర్ల కోసం ప్రత్యేకంగా, నేలకి బిగించే మెటల్ బాడీతో, ఎక్కువ గ్యాప్ తట్టుకునే సెన్సర్లు ఉన్నాయి. అవే అడగండి.

పీఐఆర్ మోషన్ సెన్సర్: ఇది లోపలి కాపలా. వెనక గోడకి కన్నం వేసినా, పైన రేకులు తీసి దిగినా పట్టుకునేది ఇదే. కాబట్టి షట్టర్ సెన్సర్ ఉంది కదా అని దీన్ని వదిలేయొద్దు. పీఐఆర్ పనిచేసేది వేడి తేడా మీద. మనిషి శరీరం సుమారు 37 డిగ్రీలు. చల్లని గదిలో ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మే నెలలో రేకుల షెడ్డు లోపల రాత్రి కూడా వేడి తగ్గకపోతే తేడా తగ్గిపోయి సెన్సర్ మందగిస్తుంది. విజయవాడ, రామగుండం లాంటి చోట్ల ఇది చిన్న విషయం కాదు. టెంపరేచర్ కాంపెన్సేషన్ ఉన్నది, లేదా పీఐఆర్‌తో పాటు మైక్రోవేవ్ కూడా ఉన్న డ్యూయల్ టెక్ సెన్సర్ తీసుకుంటే మంచిది.

పీఐఆర్ బిగించేటప్పుడు ఇంకో ట్రిక్ ఉంది. తనవైపు నేరుగా నడిచొచ్చే మనిషి కంటే, తన ఎదుట అడ్డంగా దాటే మనిషిని ఇది త్వరగా పడుతుంది. కాబట్టి షట్టర్‌కి ఎదురుగా కాకుండా పక్క గోడ మూలలో బిగించండి. బల్లి లెన్స్ మీద పాకినా మోగుతుంది, కాబట్టి ట్యూబ్‌లైటుకి దూరంగా పెట్టండి. పురుగుల కోసం బల్లులు చేరేది అక్కడే.

సైరన్: బాక్స్ మీద 110 డెసిబెల్స్ అని ఉంటే అది సాధారణంగా 1 మీటరు దూరంలో కొలిచిన లెక్క. ఆరుబయట దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే 2 మీటర్ల దగ్గర 104, 8 మీటర్ల దగ్గర 92, 32 మీటర్ల దగ్గర 80. మధ్యలో మూసిన షట్టర్ ఉంటే ఇంకా తగ్గిపోతుంది. కాబట్టి లోపల ఒక సైరన్, బయట చేతికందని ఎత్తులో ఇంకో సైరన్ ఉండాలి. బయటిదానికి సొంత బ్యాటరీ, మూత తీసినా వైరు కోసినా మోగే ట్యాంపర్ స్విచ్ తప్పనిసరి.

సిగ్నల్ మీ ఫోన్ దాకా వస్తుందా?

చాలా సెటప్‌లు దెబ్బతినేది ఇక్కడే. వైఫై మీద మాత్రమే నడిచే అలారం అయితే, దొంగ బయట మీటర్ దగ్గర మెయిన్ ఆఫ్ చేయగానే రౌటర్ ఆగిపోతుంది, అలారం మూగబోతుంది. అందుకే వైఫైతో పాటు సిమ్ కూడా ఉన్న హబ్ తీసుకోండి. లోపల బ్యాకప్ బ్యాటరీ ఉండాలి. కరెంటు పోగానే మెసేజ్ పంపే ఫీచర్ ఉంటే ఇంకా మంచిది. రౌటర్‌కి విడిగా ఒక మినీ యూపీఎస్ పెట్టండి.

సిమ్ దగ్గర ఒక మెలిక ఉంది. తక్కువ ధరలో దొరికే చాలా జీఎస్‌ఎం అలారాలు 2జీ మీదే పనిచేస్తాయి. జియోకి 2జీ నెట్‌వర్క్ లేదు, కాబట్టి ఆ హబ్‌లో జియో సిమ్ వేస్తే పనిచేయదు. కొనేదేదో 4జీ హబ్ కొనండి. ఆ సిమ్ రీఛార్జ్ వ్యాలిడిటీ ఎప్పుడు ముగుస్తుందో ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. ప్లాన్ అయిపోయిన సిమ్‌తో ఉన్న అలారం, బుల్లెట్లు లేని తుపాకీ ఒకటే.

ఇప్పుడు మీ ఫోన్ సంగతి. రాత్రి 2:30కి వచ్చే నోటిఫికేషన్ మీకు వినిపిస్తుందా? షావోమీ, రియల్‌మీ, వివో, శాంసంగ్ లాంటి ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లని నిద్రపుచ్చుతాయి. అలారం యాప్ కూడా అందులో పడిపోవచ్చు. ఈ 4 సెట్టింగ్‌లు ఇప్పుడే మార్చుకోండి:

1. యాప్ బ్యాటరీ సెట్టింగ్‌లో అన్‌రెస్ట్రిక్టెడ్ లేదా నో రెస్ట్రిక్షన్స్ ఎంచుకోండి. శాంసంగ్‌లో అయితే నెవర్ స్లీపింగ్ యాప్స్ లిస్టులో చేర్చండి.
2. ఆటోస్టార్ట్ ఆప్షన్ ఉన్న ఫోన్లలో దాన్ని ఆన్ చేయండి.
3. హబ్‌లోని సిమ్ నంబర్‌ని కాంటాక్ట్‌గా సేవ్ చేసి స్టార్ పెట్టండి. డూ నాట్ డిస్టర్బ్‌లో స్టార్ కాంటాక్ట్‌లకు పర్మిషన్ ఇవ్వండి. ఐఫోన్‌లో ఆ కాంటాక్ట్‌కి ఎమర్జెన్సీ బైపాస్ ఆన్ చేయండి.
4. నోటిఫికేషన్ ఒక్కటే నమ్ముకోకుండా, హబ్ నుంచి కాల్ కూడా వచ్చేలా పెట్టండి. టింగుమనే శబ్దానికి లేవనివాళ్లు కూడా రింగ్‌టోన్‌కి లేస్తారు.

కాల్ లిస్టులో మీతో పాటు షాపుకి దగ్గర్లో ఉండేవాళ్ల నంబర్ ఉండాలి: పై అంతస్తులో ఓనర్, పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, ఎదురు టిఫిన్ సెంటర్ బాబాయ్. ఎవరైనా సరే, ముందే వాళ్లకి చెప్పి పెట్టండి.

మరి కెమెరాలు?

కెమెరాలు వద్దని కాదు, వరుసలో వాటి చోటు తాళం, అలారం తర్వాతే. పెట్టేటప్పుడు 3 విషయాలు చూసుకోండి. ఒకటి, డీవీఆర్ బాక్స్‌ని కౌంటర్ మీద పెట్టొద్దు. దొంగ పోతూపోతూ దాన్ని కూడా పట్టుకెళితే రికార్డింగే ఉండదు. దాన్ని కంటికి కనిపించని చోట తాళం వేసి ఉంచండి, కనీసం ఒక కెమెరా రికార్డింగ్ క్లౌడ్‌లో సేవ్ అయ్యేలా పెట్టండి. రెండు, అన్నీ సీలింగ్‌కి బిగిస్తే కనిపించేది టోపీలే. ఒక కెమెరా మనిషి ముఖం ఎత్తులో, లోపలికి వచ్చే దారివైపు చూడాలి. మూడు, డీఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ లక్షల కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లలోకి చొరబడింది ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల దారినే. కొత్త కెమెరా కొంటుంటే ఎస్‌టీక్యూసీ సర్టిఫికెట్ ఉన్న మోడల్ అడగండి.

దొంగతనం జరిగినా మిగిలేలా

- ఐఎంఈఐ లిస్ట్: స్టాక్‌లో ఉన్న ప్రతి ఫోన్ ఐఎంఈఐ నంబర్లు షీట్‌లో రాసి క్లౌడ్‌లో ఉంచండి. నంబర్లు బాక్స్ మీదే ఉంటాయి. రిపేర్‌కి వచ్చిన ఫోన్ అయితే \*#06# డయల్ చేసి జాబ్ కార్డు మీద రాయండి. 2023 మే నెలలో వచ్చిన సంచార్ సాథీ పోర్టల్‌లోని సీఈఐఆర్ ద్వారా, పోలీస్ కంప్లైంట్ కాపీతో పోయిన ఫోన్లని బ్లాక్ చేయించొచ్చు. బ్లాక్ అయిన ఫోన్ సిమ్ మార్చినా మన నెట్‌వర్క్‌ల మీద పనిచేయదు. నంబర్ లేకపోతే ఈ దారి మూసుకుపోయినట్టే.
- ఇన్సూరెన్స్: బర్గ్లరీ పాలసీల్లో సాధారణంగా బలవంతంగా చొరబడిన ఆనవాళ్లు ఉండాలనే షరతు ఉంటుంది. 2004లో యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ కేసులో సుప్రీంకోర్టు కూడా పాలసీలో రాసిన నిర్వచనమే ప్రమాణమని, దొంగతనంతో పాటు బలప్రయోగం జరిగి ఉండాలని చెప్పింది. అంటే డూప్లికేట్ తాళంచెవితో తెరిచి పట్టుకెళితే క్లెయిమ్ ఇబ్బందిలో పడొచ్చు. పాలసీ తీసుకునే ముందు ఆ పేరా చదవండి. కస్టమర్ల ఫోన్లు కవర్ అవుతాయో లేదో కూడా అడగండి.
- గల్లాపెట్టె: రాత్రి ఖాళీ చేసి తెరిచే ఉంచండి. ఖాళీ డ్రా పగలగొట్టించుకుని ఆ రిపేర్ ఖర్చు కూడా ఎందుకు?

బడ్జెట్ తక్కువైతే ఏ వరుసలో కొనాలి?

అన్నీ ఒకేసారి కొనక్కర్లేదు. మేమైతే ఈ వరుస చెబుతాం: ముందు సెంటర్ లాక్, గొళ్లెం వెల్డింగ్, బయట లైటు. తర్వాత 4జీ హబ్, షట్టర్ మీద వైబ్రేషన్ సెన్సర్, బయట సైరన్. ఆ తర్వాత వెనక గోడని, కప్పుని కాచే పీఐఆర్. రిపేర్ ఫోన్ల కోసం గోడకి బిగించిన స్టీల్ లాకర్. చివరగా కెమెరాలు. ఐఎంఈఐ లిస్టుకి, ఫోన్ సెట్టింగ్‌లకి రూపాయి ఖర్చు లేదు కాబట్టి అవి ఈరోజే.

నెలకి ఒకసారి షాపు మూసే టైమ్‌లో టెస్ట్ చేయండి. అలారం ఆన్ చేసి షట్టర్ మీద కొట్టండి. మెయిన్ ఆఫ్ చేసి మళ్లీ కొట్టండి. కాల్ ఎన్ని సెకన్లలో వచ్చిందో చూడండి. సెన్సర్ బ్యాటరీలు చెక్ చేయండి.

చివరిగా అన్నిటికంటే ముఖ్యమైన మాట. నిజంగా అలారం మోగిన రాత్రి, బైక్ తీసుకుని ఒంటరిగా షాపుకి పరిగెత్తొద్దు. లోపల ఎంతమంది ఉన్నారో, చేతిలో ఏముందో మీకు తెలీదు. ముందు 112కి కాల్ చేయండి, షాపు పేరు, ల్యాండ్‌మార్క్ స్పష్టంగా చెప్పండి. తర్వాత కాల్ లిస్టులో ఉన్నవాళ్లని లేపండి. నలుగురు దూరం నుంచి లైట్లు వేసి అరిస్తే చాలు, దొంగ సంచి వదిలేసి పారిపోయే ఛాన్స్ ఎక్కువ. ఫోన్లు మళ్లీ కొనుక్కోవచ్చు. ఇంట్లో మీకోసం ఎదురుచూసేవాళ్లకి మీరు ఒక్కరే.